సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్ నిర్వహణ: బెంగళూరులో పని నేర్చుకుంటున్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి డిగ్రీయో బీటెక్కో పూర్తిచేసి బెంగళూరు చేరి, మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉంటూ సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగానికి తయారవుతున్నవారు, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే బాధ్యత అనుకోకుండా నెత్తిన పడినవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. కొన్నింటికి రెండు వాక్యాలు చాలు, కొన్నింటికి చాలవు.

సర్వర్ అంటే శక్తిమంతమైన పెద్ద కంప్యూటర్ అని అర్థమా?

ఏ కంప్యూటర్‌లోనైనా ఒక ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తూ, ఇతర కంప్యూటర్లు అడిగినదానికి నెట్‌వర్క్ మీద జవాబిస్తూ ఉంటే, ఆ పని మేరకు అది సర్వరే. ఆఫీసు మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఒక ప్రింటర్‌ను అందరికీ పంచుతున్నా అది ప్రింట్ సర్వర్ అవుతుంది. అయితే సర్వర్‌గానే అమ్మే యంత్రాల్లో కొన్ని ప్రత్యేకతలు ఉంటాయి: మెమరీలో ఒక బిట్ తారుమారైతే పట్టుకుని సరిదిద్దే ఈసీసీ ర్యామ్, ఒకటి పోయినా రెండోది మోసే జంట పవర్ సప్లైలు, యంత్రం నడుస్తుండగానే తీసి మార్చగల డిస్కులు, ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా పడిపోయినా దూరం నుంచే తెర చూసి రీస్టార్ట్ చేయడానికి వీలిచ్చే మేనేజ్‌మెంట్ కార్డు. డెల్ యంత్రాల్లో ఈ కార్డును ఐడ్రాక్ అని, హెచ్‌పీ యంత్రాల్లో ఐలో అని అంటారు. వైట్‌ఫీల్డ్‌లోని డేటా సెంటర్‌లో యంత్రం బిగుసుకుపోతే, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా ఇంటి నుంచే దాన్ని లేపగలిగేది ఈ కార్డు వల్లనే.

మా ఆఫీసులో విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌నే ఫైల్ సర్వర్‌గా వాడుతున్నాము. అది తప్పా?

ఐదారుగురు ఉన్న ఆఫీసులో పని నడుస్తుంది. సిబ్బంది పెరిగిన తరువాత ఇబ్బంది మొదలవుతుంది. డెస్క్‌టాప్ విండోస్ లైసెన్సు ఫైల్ షేరింగ్ వంటి సేవల కోసం ఒకేసారి 20 పరికరాల వరకే అనుమతిస్తుంది. ఆ తరువాత వచ్చినవారికి ఒక అర్థంకాని ఎర్రర్ కనిపిస్తుంది, అందరూ కేబుల్‌నో స్విచ్‌నో అనుమానిస్తారు. పైగా డెస్క్‌టాప్ విండోస్‌ను ఎదురుగా ఒక మనిషి కూర్చుని వాడతాడన్న లెక్కతో తయారుచేశారు కనుక, అప్‌డేట్ల కోసం తనంతట తాను రీస్టార్ట్ కావడం, కాసేపు కదలిక లేకపోతే నిద్రలోకి జారుకోవడం దానికి సహజం. సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎవరూ లాగిన్ కాకపోయినా సేవలు బూట్‌తోపాటే మొదలయ్యేలా, నెలల తరబడి ఆగకుండా నడిచేలా, ఏళ్ళ తరబడి భద్రతా ప్యాచ్‌లు అందేలా రూపొందిస్తారు.

విండోస్ సర్వర్ నేర్చుకోవాలా, లినక్స్ నేర్చుకోవాలా?

బెంగళూరులో రెండింటికీ పని ఉంది, కానీ ఆ పని ఒకే చోట ఉండదు. ఉద్యోగులు రోజూ ఉదయం తమ డెస్క్‌టాప్‌లలో లాగిన్ అయ్యే సంస్థల్లో సాధారణంగా విండోస్ సర్వర్ మీద యాక్టివ్ డైరెక్టరీ ఉంటుంది. విండోస్ 2000తో వచ్చిన ఈ వ్యవస్థ ఎవరు ఎవరో, ఎవరికి ఏ ఫోల్డర్ తెరుచుకోవాలో, ఎవరి కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ ఉండాలో ఒకే చోటి నుంచి నిర్ణయిస్తుంది. వెబ్‌సైట్లు, యాప్‌లు, డేటాబేస్‌లు, క్లౌడ్ యంత్రాలు నడిపే సంస్థల్లో లినక్స్‌దే రాజ్యం. ఖర్చు లెక్క కూడా వేరు: విండోస్ సర్వర్ 2016 నుంచి ప్రాసెసర్ కోర్‌లను బట్టి లైసెన్సు కొనాలి, ఒక్కో సర్వర్‌కు కనీసం 16 కోర్‌లకు కట్టాలి, దాన్ని వాడే మనుషులకో పరికరాలకో క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు విడిగా తీసుకోవాలి. చాలా లినక్స్ పంపిణీలను ఉచితంగా దించుకోవచ్చు. డబ్బు కట్టేది మద్దతుకు.

మా అభిప్రాయం అడిగితే ముందు లినక్స్ నేర్చుకోమంటాము. సెట్టింగులు మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి, ఏ ప్రాసెస్ ఏం చేస్తున్నదో విప్పి చూడవచ్చు, లాగ్‌లు చదివితే అర్థమవుతాయి. ఈ అలవాటు ఒకసారి పడితే, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచినప్పుడు కూడా ఏం వెతకాలో తెలుస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. మీరు చేరబోయే ఆఫీసులో ఇప్పటికే యాక్టివ్ డైరెక్టరీ ఉందని తెలిస్తే వెంటనే అదే పట్టుకోండి.

లినక్స్‌లో ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా అని ఇన్ని ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, అన్నింటిలోనూ ఉంది. దాని చుట్టూ ఉన్న ప్యాకేజీలు, వాటిని నిలబెట్టే పద్ధతి, మద్దతు గడువు వేరు. డెబియన్, ఉబుంటు ఒక కుటుంబం, వాటిలో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఆప్ట్ వాడతారు. రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా ఇంకో కుటుంబం, వాటిలో డీఎన్‌ఎఫ్ వాడతారు. ఒక కుటుంబంలో కుదురుగా పని వస్తే రెండోదానికి మారడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఎంచుకునేటప్పుడు అందరూ తెర అందాన్ని, వేగాన్ని పోల్చుతారు. అన్నిటికన్నా ముందు చూడవలసింది మద్దతు ముగిసే తేదీ. సెంటాస్ వాడినవారికి ఇది బాగా తెలిసివచ్చింది. రెడ్‌హ్యాట్‌కు ఉచిత ప్రతిరూపంగా ఎన్నో ఆఫీసుల్లో సెంటాస్ ఉండేది. సెంటాస్ 8కు 2029 దాకా మద్దతు ఉంటుందని నమ్మి చాలామంది అందులోకి మారారు. 2020 డిసెంబరులో వెలువడిన ప్రకటనతో ఆ గడువు 2021 డిసెంబరు 31కి కుదించుకుపోయింది. ఆ ఖాళీని పూరించడానికి 2021లో రాకీ, ఆల్మా వచ్చాయి. పాతదైన సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30న ముగిసింది, అయినా అది నడుస్తున్న సర్వర్లు ఇంటర్వ్యూకు వెళ్ళిన చోట మీకు ఎదురైతే ఆశ్చర్యపోకండి. దాన్ని మార్చడమే మీ మొదటి పని కావచ్చు. ఉబుంటులో రెండేళ్ళకోసారి, సరి సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలలకు ఐదేళ్ళ సాధారణ మద్దతు ఉంటుంది. సర్వర్‌కు ఎల్‌టీఎస్ తప్ప వేరేది వేయకండి.

పీజీలో ఉంటూ ఇవన్నీ ఎక్కడ సాధన చేయాలి?

ఎస్పీ రోడ్డులో దొరికే పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం ఉండాలి, ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. అందులో వర్చువల్‌బాక్స్ వేసి రెండు మూడు చిన్న లినక్స్ యంత్రాలు నడపండి. తెర బొమ్మలు లేని సర్వర్ ఇన్‌స్టలేషన్‌కు ఒక్కోదానికి 1 జీబీ మెమరీ ఇచ్చినా నడుస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక చోట ఆగిపోతారు. వర్చువల్ యంత్రానికి బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్క్ (అది నేరుగా పీజీ వైఫైలో చేరే అమరిక) పెట్టి, పీజీ వైఫై నుంచి దానికి అడ్రస్ రాక, వచ్చినా పక్క యంత్రానికి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) వెళ్ళక రోజంతా తల పట్టుకుంటారు. పీజీ వైఫైలో ఒక పరికరం ఇంకో పరికరంతో మాట్లాడకుండా అడ్డుకునే అమరిక తరచుగా ఉంటుంది, పైగా వైఫై మీద బ్రిడ్జింగ్ ఎప్పుడూ నమ్మకమైనది కాదు. ప్రతి వర్చువల్ యంత్రానికి రెండు కార్డులు ఇవ్వండి: సాఫ్ట్‌వేర్ దించుకోవడానికి నాట్ (ల్యాప్‌టాప్ అడ్రస్ మీదే బయటికి వెళ్ళే అమరిక) ఒకటి, యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవడానికి హోస్ట్ ఓన్లీ ఒకటి. అప్పుడు మీ ప్రయోగశాల పీజీ యజమాని రూటర్ మీద ఆధారపడదు. ఏ పెద్ద మార్పుకైనా ముందు స్నాప్‌షాట్ (యంత్రం అప్పటి స్థితికి ప్రతి) తీసుకుంటే, యంత్రాన్ని పాడుచేసి మళ్ళీ నిలబెట్టడం కూడా సాధనలో భాగమవుతుంది.

గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా పనిచేయడం తప్పదా?

తప్పదు. దూరంలోని యంత్రాన్ని నెమ్మదైన కనెక్షన్ మీద సరిచేయవలసినప్పుడు మీ చేతిలో ఉండేది టెర్మినల్ ఒక్కటే. విండోస్‌లో కూడా 2008 నుంచి డెస్క్‌టాప్ లేని సర్వర్ కోర్ ఉంది, దాన్ని పవర్‌షెల్ అనే కమాండ్ సాధనంతో నడుపుతారు.

అనుమతుల సమస్య వచ్చినప్పుడల్లా 777 పెట్టమని సలహా ఇస్తారు. అది సరైనదేనా?

సరైనది కాదు. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ యజమానికి, గుంపుకు, మిగతా అందరికీ విడివిడిగా అనుమతులు ఉంటాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఈ మూడూ కూడితే 7. అంటే 777 అన్నప్పుడు ఆ యంత్రంలోని ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలును మార్చవచ్చు, నడపవచ్చు. వెబ్‌సైట్‌లో ఫొటోలు ఎక్కించే ఫోల్డర్‌కు 777 ఇస్తే, వెబ్ సర్వర్ మీద ఏ చిన్న కన్నం దొరికినా దుండగుడు తన స్క్రిప్ట్‌ను అక్కడ పెట్టి నడపడానికి దారి తెరిచినట్టే.

అనుమతి లేదన్న ఎర్రర్ వచ్చినప్పుడు మూడు విషయాలు చూడాలి. ఆ ఫైలు కోరుతున్న ప్రోగ్రామ్ ఏ యూజర్ పేరుతో నడుస్తోంది? ఉబుంటులో వెబ్ సర్వర్ ప్రత్యేకమైన ఒక యూజర్‌తో నడుస్తుంది, ఫైళ్ళు మాత్రం మీరు రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, పెట్టి ఉంటారు. రెండవది, ఫైలుకు అనుమతి ఉన్నా దానికి పైనున్న ఫోల్డర్లలో ఏ ఒక్కదానికి లోపలికి వెళ్ళే అనుమతి, అంటే ఆ 1, లేకపోయినా దారి మూసుకుపోతుంది. మూడవది రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందినది: అన్నీ సరిగానే కనిపిస్తున్నా ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ ఆపుతూ ఉండవచ్చు. దాన్ని శాశ్వతంగా ఆపేయమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆడిట్ లాగ్ చదివి ఆ ఫైలుకు సరైన లేబుల్ ఇవ్వడం అంతకన్నా పెద్ద పనేమీ కాదు. సాధారణంగా ఫోల్డర్లకు 755, ఫైళ్ళకు 644 చాలు.

ఐపీ అడ్రస్, సబ్‌నెట్ లెక్కలు ఎంతవరకు రావాలి?

కాగితం మీద చేయగలిగేంత రావాలి. ఐపీ నాలుగవ వెర్షన్ అడ్రస్ 32 బిట్లు. మొత్తం 429 కోట్ల చిల్లర అడ్రస్‌లు. అవి ప్రపంచానికి చాలవని ముందే తెలిసి, సంస్థల లోపలి వాడకానికి మూడు శ్రేణులను విడిగా ఉంచారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ఇవి ఇంటర్నెట్‌లో తిరగవు, రూటర్ నాట్ చేసి బయటికి పంపుతుంది. పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. 128 బిట్ల ఐపీ ఆరవ వెర్షన్‌ను ఇప్పటినుంచే అలవాటు చేసుకోవడం మంచిది.

ఉదాహరణకు 192.168.10.0/24 అంటే మొదటి 24 బిట్లు నెట్‌వర్క్‌వి, మిగిలిన 8 బిట్లు యంత్రాలవి. 256 అడ్రస్‌లలో మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు పోగా 254 మిగులుతాయి. దాన్ని నాలుగు విభాగాలకు పంచాలంటే /26 చేస్తాము. ఒక్కో ముక్కలో 64 అడ్రస్‌లు, వాడుకోదగినవి 62. రెండవ ముక్క 192.168.10.64తో మొదలై 127తో ముగుస్తుంది, యంత్రాలకు 65 నుంచి 126 వరకు ఇవ్వవచ్చు. ఇప్పుడు ఒక యంత్రం 192.168.10.60, ఇంకొకటి 192.168.10.70 అయితే, చూడటానికి పక్కపక్కనే ఉన్నా అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. మధ్యలో రూటర్ లేకుండా మాట్లాడుకోలేవు. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేది కూడా ఈ కోణంలోనే.

కొత్త ఆఫీసుకు శ్రేణి ఎంచుకునేటప్పుడు 192.168.0, 192.168.1 వదిలేయండి. ఇళ్ళలోని రూటర్లలో ఎక్కువగా ఉండేవి అవే. ఉద్యోగి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే శ్రేణి ఉంటే, వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రక్షిత దారి) కలిసినా ఆఫీసు ఫైల్ సర్వర్ కోసం వెళ్ళిన ప్యాకెట్ అతని ఇంట్లోనే తిరుగుతుంది.

కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. దీని అర్థం ఏమిటి?

అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని అర్థం. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ "నాకు అడ్రస్ ఎవరిస్తారు" అని అందరికీ కేక వేస్తుంది, సర్వర్ ఒక అడ్రస్ చూపుతుంది, కంప్యూటర్ అదే కావాలంటుంది, సర్వర్ ఖరారు చేస్తుంది. ఈ నాలుగు అడుగులూ యూడీపీ 67, 68 పోర్టుల మీద జరుగుతాయి. జవాబు రాకపోతే కంప్యూటర్ తనకు తానే 169.254 శ్రేణిలో ఒకటి పెట్టుకుంటుంది. కేబుల్, స్విచ్ పోర్టు, వీలాన్ (తరువాతి ప్రశ్న చూడండి), డీహెచ్‌సీపీ సేవ, పంచడానికి అడ్రస్‌లు మిగిలి ఉన్నాయా అన్నది, ఈ వరుసలో చూడండి. కొత్తగా ఇంటర్న్‌లు చేరిన వారంలో చివరిదే కారణం కావడం మామూలు. అందరికీ ల్యాప్‌టాప్, ఫోను రెండూ ఉంటాయి.

దీనికి వ్యతిరేకమైన సమస్య ఇంకా తికమక పెడుతుంది. సిగ్నల్ బాగా రావడం లేదని ఎవరో ఇంటి నుంచి చిన్న వైఫై రూటర్ తెచ్చి, దాని లాన్ పోర్టును ఆఫీసు గోడలోని సాకెట్‌కు కలుపుతారు. ఆ క్షణం నుంచి అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. కొందరికి నెట్ వస్తుంది, కొందరికి రాదు, రీస్టార్ట్ చేస్తే వీరు వారవుతారు. నెట్ రానివారి కంప్యూటర్‌లో గేట్‌వే అడ్రస్, అంటే బయటికి పంపే రూటర్ అడ్రస్, చూస్తే దొంగ దొరికిపోతాడు. మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగులు మార్చగల స్విచ్) ఉంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేసి, అసలు సర్వర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మమని చెప్పాలి.

వీలాన్ ఎందుకు?

ఒకే స్విచ్‌ను లోపల వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టడానికి. అకౌంట్స్ కంప్యూటర్లు, సీసీటీవీ కెమెరాలు, అతిథుల వైఫై ఒకే చోట కలిసి ఉండకూడదు. కెమెరాల్లో భద్రతా లోపాలు ఎక్కువ, ప్యాచ్ వేసేవారు తక్కువ. వీలాన్‌ల మధ్య రాకపోకలు రూటర్ లేదా ఫైర్‌వాల్ గుండా వెళ్ళాలి కనుక అక్కడ నియమాలు పెట్టవచ్చు. ఒక కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో పెట్టి మొత్తం ఆఫీసును స్తంభింపజేసే ప్రమాదాన్ని ఆపేది స్పానింగ్ ట్రీ. 1985లో రాడియా పెర్ల్‌మన్ దీన్ని రూపొందించారు. మేనేజ్‌డ్ స్విచ్‌లో దాన్ని ఆపివేయకండి.

"నెట్ పనిచేయడం లేదు" అని ఫోను వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పేజీ మొత్తంలో ఒక్కటే నేర్చుకోవాలనుకుంటే దీన్ని నేర్చుకోండి. ఉత్పత్తుల పేర్లు, మెనూలు మారుతూ ఉంటాయి. తెగింది ఎక్కడో కింది నుంచి పైకి ఒక్కొక్క మెట్టు పరీక్షించి పట్టుకునే పద్ధతి మారదు. ముందుగా, ఒక్కరికేనా, అందరికీనా అని అడగండి. తరువాత కేబుల్ దగ్గర లైటు వెలుగుతోందా, సరైన అడ్రస్ ఉందా, గేట్‌వేకు పింగ్ వెళ్తోందా, గూగుల్ పబ్లిక్ సర్వర్ అయిన 8.8.8.8కు వెళ్తోందా, పేరుతో పిలిస్తే అడ్రస్ వస్తోందా అని వరుసగా చూడండి. 8.8.8.8కు వెళ్తూ పేరు దగ్గర ఆగిపోతే ఇంటర్నెట్ ఉంది, పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ లేదు. పింగ్ ఒక్కటి రానంత మాత్రాన యంత్రం చచ్చిపోయిందనుకోకూడదు. చాలా ఫైర్‌వాల్‌లు పింగ్‌ను అడ్డుకుంటాయి.

పై మెట్లన్నీ బాగుండి ఒక సేవ మాత్రమే తెరుచుకోకపోతే ఎర్రర్‌ను పూర్తిగా చదవండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే, మీ ప్యాకెట్ ఆ యంత్రం దాకా చేరింది, అక్కడి నుంచి కాదన్న జవాబు కూడా తిరిగి వచ్చింది. చాలావరకు ఆ పోర్టు మీద వినే ప్రోగ్రామ్ నడవడం లేదని అర్థం. చాలాసేపు ఎదురుచూసి "టైమ్డ్ అవుట్" అని వస్తే, ప్యాకెట్‌ను దారిలో ఎవరో మింగేశారు; ఫైర్‌వాల్‌నో రూటింగ్‌నో చూడాలి. ఈ తేడా తెలియకుండా ఫైర్‌వాల్ నియమాలు మార్చుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

రెఫ్యూజ్డ్ అని వచ్చినా సేవ నడుస్తూనే ఉండే సందర్భం ఒకటుంది. సర్వర్‌లో ఎస్‌ఎస్ కమాండ్‌తో వింటున్న పోర్టుల జాబితా తీయండి. మైఎస్‌క్యూఎల్ ఎదురుగా 127.0.0.1:3306 అని ఉంటే, అది తన యంత్రంలోనివారి మాటే వింటుంది, బయటివారిది వినదు. 0.0.0.0:3306 అని ఉంటే అన్ని కార్డుల మీదా వింటోంది. డేటాబేస్ సర్వర్‌ను వేరే యంత్రానికి మార్చిన రోజున అప్లికేషన్ టీం నుంచి వచ్చే ఫోనుకు కారణం తరచుగా ఈ ఒక్క పంక్తే. అయితే 0.0.0.0 పెట్టేసి ఊరుకోకుండా, అప్లికేషన్ సర్వర్ అడ్రస్‌కు మాత్రమే ఆ పోర్టు తెరవండి.

డీఎన్‌ఎస్‌లో మార్పు చేసినా పాత సర్వర్‌కే వెళ్తోంది. ఎందుకు?

ప్రతి రికార్డుకూ టీటీఎల్ అని ఒక గడువు ఉంటుంది. 86400 అని ఉంటే, ఒకసారి అడిగి తెలుసుకున్న సర్వర్ ఆ జవాబును 86400 సెకన్లు, అంటే ఒక రోజంతా, గుర్తుపెట్టుకుని మళ్ళీ అడగదు. సర్వర్ మార్చాలనుకున్న దానికి కనీసం ఒక రోజు ముందే టీటీఎల్‌ను 300కు తగ్గించి, మార్పు కుదురుకున్నాక మళ్ళీ పెంచాలి. మార్చిన తరువాత టీటీఎల్ తగ్గించడం వల్ల ఉపయోగం లేదు. పాత గడువుతో జవాబు తీసుకున్నవారు ఆ గడువు తీరేదాకా తిరిగి రారు. పాత సర్వర్‌ను ఆ రోజే ఆపివేయకుండా రెండు మూడు రోజులు నడవనివ్వండి.

దూరం నుంచి సర్వర్‌ను నడిపేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

లినక్స్‌కు ఎస్‌ఎస్‌హెచ్ వాడాలి. పాస్‌వర్డ్ కూడా బహిరంగంగా ప్రయాణించే టెల్నెట్ వంటి పద్ధతులకు బదులుగా 1995లో ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ దీన్ని తయారుచేశారు. పాస్‌వర్డ్ బదులు కీ వాడండి, రూట్‌గా నేరుగా లాగిన్ కావడాన్ని ఆపండి. పోర్టు 22ను 2222కు మార్చితే లాగ్‌లలో రొద తగ్గుతుంది తప్ప భద్రత పెద్దగా పెరగదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవవద్దు. వీపీఎన్ వెనక ఉంచండి.

ఫైర్‌వాల్ మార్చేటప్పుడు తాను కూర్చున్న కొమ్మనే నరుక్కునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూను ఆన్ చేసే ముందే ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇవ్వాలి. సెట్టింగ్ మార్చాక ఉన్న కిటికీని మూయకుండా రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడాలి. ఇంకా పెద్ద మార్పు అయితే, పది నిమిషాల తరువాత పాత నియమాలను వాటంతట అవే తిరిగి తెచ్చేలా ముందే ఒక పనిని షెడ్యూల్ చేసి, అంతా బాగుంటే దాన్ని రద్దు చేసుకోవాలి.

సర్వర్ గడియారం నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ అయితే నష్టం ఏమిటి?

యాక్టివ్ డైరెక్టరీ లాగిన్‌కు వాడే కెర్బరోస్, మామూలు అమరికలో ఐదు నిమిషాల తేడా దాటితే టికెట్ ఇవ్వదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాదు. రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి ఏది ముందు జరిగిందో తేల్చడం కూడా కుదరదు. మన దేశంలో దీనికి చట్టపరమైన కోణం ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, సంస్థలు తమ గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వారి, సమయం అందించే ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో సరిచూసుకునే సర్వర్లతో కలపాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ ఆదేశాల జాబితాలో ఉన్న సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. లాగ్‌ల కోసం డిస్కు కొనమంటే యాజమాన్యం వెనకాడినప్పుడు చూపవలసిన కాగితం ఇది.

డిస్కు నిండిందని, స్థలం చూపే డీఎఫ్ కమాండ్ చెబుతోంది, ఫైళ్ళు లెక్కపెడితే అంత లేవు. ఇదెలా సాధ్యం?

పెద్ద లాగ్ ఫైలును ఎవరో తొలగించి ఉంటారు, దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ మాత్రం ఇంకా నడుస్తోంది. పేరు పోయినా, ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా స్థలం విడుదల కాదు. తెరిచి ఉన్న ఫైళ్ళు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో ఆ ప్రోగ్రామ్‌ను కనిపెట్టి, దాన్ని రీస్టార్ట్ చేస్తే స్థలం తిరిగి వస్తుంది. దీనికి తిరగబడిన రూపం కూడా ఉంది: గిగాబైట్లు ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు చేరి ఐనోడ్‌లు, అంటే ఫైలుకొకటి చొప్పున కావలసిన నమోదు చోట్లు, అయిపోయాయని అర్థం. డీఎఫ్‌కు ఐ ఆప్షన్ ఇస్తే తెలుస్తుంది.

రైడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

రెండు డిస్కులలో ఒకే డేటా రాసే రైడ్ 1లో ఒక డిస్కు పోతే రెండోది నిలబెడుతుంది. కానీ మీరు పొరపాటున తుడిచిన ఫోల్డర్‌ను అది రెండు డిస్కులలోనూ అదే క్షణంలో తుడుస్తుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది పాత నియమమే కానీ ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో అమలు కాదు. ఆ ప్రతుల్లో ఒకటైనా సర్వర్ నుంచి రాయడానికి వీలులేని చోట ఉండాలి. నెలకోసారి ఒక ఫైలునూ, కొన్ని నెలలకోసారి మొత్తం యంత్రాన్నీ తిరిగి తెచ్చి చూడండి. అలా తెచ్చి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోకండి.

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలివానలకు కరెంటు పోవడం మామూలే. యూపీఎస్ పెట్టి ఊరుకోవడం చాలదు. బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు అది సర్వర్‌కు కబురు పంపి పద్ధతిగా షట్‌డౌన్ చేయించేలా యూఎస్‌బీ కేబుల్ కలిపి, సాఫ్ట్‌వేర్ అమర్చాలి.

నడుస్తున్న సర్వర్‌ను కదపకూడదంటారు. మరి ప్యాచ్‌లు ఎలా?

కదపాలి, కానీ రోజు చూసుకుని కదపాలి. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వేలాది విండోస్ యంత్రాలను పట్టుకున్నప్పుడు, ఆ కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మద్దతులో ఉన్న వెర్షన్లకు అదే సంవత్సరం మార్చిలోనే వచ్చి ఉంది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెల రెండవ మంగళవారం వస్తాయి. ముందు ఒక పరీక్షా యంత్రంలో వేసి, కొద్ది రోజులు చూసి, శనివారం రాత్రి మిగతావాటిలో వేయడం ఒక మంచి పద్ధతి. లినక్స్‌లో కెర్నల్ ప్యాచ్ వేసి రీబూట్ చేయకపోతే పాత కెర్నలే నడుస్తూ ఉంటుంది. ఏడాదికి పైగా రీబూట్ కాని సర్వర్‌ను గర్వంగా చూపించేవారిని నమ్మకండి.

అంతా క్లౌడ్‌కు వెళ్ళిపోతుంటే ఇవన్నీ దండగ కాదా?

అమెజాన్ ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022లో మొదలయ్యాయి. వాటిలో యంత్రం తీసుకున్నా మిమ్మల్ని ముందుగా అడిగేది సబ్‌నెట్ ఏది, ఏ పోర్టులు తెరవాలి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అనే. స్క్రూడ్రైవర్ పని తగ్గుతుంది, మిగతాది ఉంటుంది.

సర్టిఫికేషన్లు ఉపయోగపడతాయా? ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమంటున్నారు, పెట్టాలా?

రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు. నిజమైన యంత్రం ఇచ్చి పనులు చేయమంటారు, రీబూట్ తరువాత కూడా ఆ మార్పులు నిలవాలి. అందుకే దానికి విలువ ఉంది. నెట్‌వర్కింగ్‌కు సిస్కో వారి సీసీఎన్‌ఏ మంచి పునాది. ఎంసీఎస్‌ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరితో ముగించింది. ఇప్పుడు ఎవరైనా ఎంసీఎస్‌ఈ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు చూస్తారు, దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. అది పక్కన పెట్టినా, మూడేళ్ళ అనుభవం అని రాసినవారికి అడిగే ప్రశ్న "టైమ్డ్ అవుట్‌కు, రెఫ్యూజ్డ్‌కు తేడా ఏమిటి" అన్నది. దానికి తడబడితే ఇంటర్వ్యూ అక్కడే ముగుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో నిలబెట్టిన చిన్న నెట్‌వర్క్ పటం గీసి చూపగలిగిన ఫ్రెషర్‌ను కూర్చోబెట్టి మాట్లాడేవారు ఈ ఊళ్ళో ఉన్నారు.

చేరిన మొదటి వారంలోనే ఏ కాగితమూ లేని సర్వర్లు అప్పగించారు. ఏం చేయాలి?

వారం పాటు ఏమీ మార్చకండి, రాసుకోండి. ప్రతి యంత్రం అడ్రస్, ఆపరేటింగ్ సిస్టమ్, మద్దతు ముగిసే తేదీ, వినే పోర్టులు, నిర్ణీత సమయాల్లో తమంతట తాము నడిచే పనులు, అడ్మిన్ అధికారం ఉన్న యూజర్లు ఒక పట్టికలో పెట్టండి. ఆ యూజర్లలో ఉద్యోగం మానివేసినవారు ఎవరో హెచ్‌ఆర్‌ను అడిగి గుర్తుపెట్టండి. వారి ఖాతాలను వెంటనే తొలగించకుండా ముందు నిలిపివేయండి, ఎందుకంటే ఏదో ఒక రాత్రి పని ఆ పేరుతో నడుస్తూ ఉండవచ్చు. తరువాత గడువులు చూడండి: వెబ్ సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుంది, దాన్ని పునరుద్ధరించే స్క్రిప్ట్ నిజంగా నడుస్తోందా, చివరి బ్యాకప్ ఏ తేదీది. డొమైన్ పేరు ఎవరి ఈమెయిల్ మీద నమోదై ఉందో కూడా చూడండి. అది మానేసి వెళ్ళిన ఉద్యోగి వ్యక్తిగత ఈమెయిల్ అయితే మిగతావన్నీ ఆపి, ఆ వారమే సంస్థ పేరు మీదికి మార్పించండి. గడువు హెచ్చరికలన్నీ ఇప్పటికీ ఆయనకే వెళ్తున్నాయి.